ఆ రూపాయి ఎవరిది?

ఈ టపా మెయిల్ మెర్జ్ గురించి. కథలూ కవితలూ పెట్టుకునే చోట ఈ గుమాస్తా గోల ఏమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ నా జీవితంలో ఒక్క అంకె వల్ల నిజంగా సిగ్గుపడిన సందర్భం ఏదైనా ఉందంటే అది ఇదే. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు కనుక మీతో చెప్పుకుంటున్నాను.

మాది బిజినేపల్లి. మహబూబ్‌నగర్ నుండి నాగర్‌కర్నూలు వెళ్ళే బస్సులు ఆగే ఊరు. ఇప్పుడు తెలంగాణలో, 2016 అక్టోబరులో ఏర్పడిన నాగర్‌కర్నూలు జిల్లాలో ఉన్నది. నేను చెప్పబోయే 2008లో ఇది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక మండల కేంద్రం. శనివారం నాడు నందివడ్డెమాన్ శనేశ్వరాలయానికి పోయేవారు, పాలెం వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పని మీద వచ్చేవారు, బొంబాయికి కూలికి పోతూ మూటలతో నిలబడినవారు, అందరూ మా బస్సు స్టాండు ముందే కనబడేవారు. అక్కడికి నాలుగడుగుల దూరంలో నాకొక చిన్న కొట్టు ఉండేది. ఒక జిరాక్సు యంత్రం, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక లామినేషన్ పెట్టె. డిగ్రీ చదివి ఉద్యోగం రాక పెట్టుకున్న కొట్టు. ఖాళీ సమయంలో లేఖినిలో తెలుగు వ్రాసుకోవడం నాకున్న ఏకైక విలాసం.

ఆ యేడు ఫిబ్రవరి 29న అప్పటి ఆర్థికమంత్రి చిదంబరం బడ్జెటు ప్రసంగంలో రైతుల ఋణమాఫీ ప్రకటించారు. అయిదెకరాల లోపు సన్న చిన్నకారు రైతులకు బాకీ మొత్తం మాఫీ. అంతకు మించి భూమి ఉన్నవారికి నాలుగో వంతు తగ్గింపు, మిగతా మూడు వంతులు వారు కట్టాలి. అయితే కరవు జిల్లాలలో ఈ తగ్గింపు నాలుగో వంతు గానీ ఇరవై వేలు గానీ, ఏది ఎక్కువైతే అది. కరవు జిల్లాల పట్టిక ఎక్కడ వేసినా మా పాలమూరు పేరు అందులో ఉండవలసిందే. ఆ పట్టికలోనూ ఉన్నది. మాఫీ అయిన ప్రతి రైతుకూ, ఎంత మొత్తం మాఫీ అయినదో స్పష్టంగా పేర్కొంటూ ఒక ధ్రువపత్రం ఇవ్వాలని మార్గదర్శకాలలో వ్రాశారు.

ఆ పత్రాల పని నాకు వచ్చింది. ఏ సంస్థ నుండి వచ్చిందో ఇక్కడ అనవసరం. ఒక ఎక్సెల్ పట్టిక ఇచ్చారు. రైతు పేరు, తండ్రి పేరు, ఊరు, సర్వే నంబరు, అసలు, వడ్డీ, మొత్తం. నాలుగు వందల పైచిలుకు వరుసలు. పత్రానికి రూపాయిన్నర కూలి. మూడు రోజుల గడువు.

ఒక్కొక్కటి కొట్టుకుంటూ పోతే మూడు రోజులలో అయ్యే పని కాదు. వర్డ్‌లో మెయిల్ మెర్జ్ అనే సౌకర్యం ఉందని తెలుసు. పత్రం ఒక్కసారి తయారుచేసి, మారవలసిన చోట్ల పట్టికలోని నిలువు వరుసల పేర్లు పెడితే చాలు, అదే నాలుగు వందల పత్రాలు కట్టిస్తుంది. మధ్యాహ్నానికి పత్రం సిద్ధం. పేర్లు తెలుగులో చక్కగా కూర్చున్నాయి. తెర మీద తెలుగు సరిగ్గా కనబడడమే ఒక పండుగ అయిన రోజులవి. నా కళ్ళు ఆ ఒత్తుల మీద, గుడుల మీదనే ఉన్నాయి. అంకెల వైపు చూడలేదు. అంకెలు తప్పెలా అవుతాయి, పట్టికలో ఉన్నవే కదా అనుకున్నాను. మొదటి విడత అరవై పత్రాలు అచ్చువేసి ఇచ్చేశాను. సాయంత్రానికి అవి ఊళ్ళకు వెళ్ళిపోయాయి.

మరునాడు పొద్దున్నే కొట్టు తీయకముందే ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. రుమాలు కొంగులో నాలుగు మడతలు పెట్టిన కాగితం.

"ఈ కాయితం కొట్టింది నువ్వేనంట గద బిడ్డా?"

"అవును తాతా."

"ఇంత పైకం నేనెప్పుడు తీసుకున్న? కోటి దాక లెక్కపెట్టిన. కోటి దాటినంక నాకు లెక్క రాలే."

కాగితం విప్పి చూశాను. మొత్తం అన్న చోట ఇలా ఉన్నది: 21381.799999999999. నా ప్రింటరులో సిరా అడుగంటి ఉండడం వల్ల మధ్య చుక్క పడీ పడనట్టు ఉన్నది. పదిహేడు అంకెలు, ఒక్క కామా లేకుండా, బారులు తీరి నిలబడ్డాయి.

ఆ తాతకు అక్షరాలు రావు. అంకెలు వచ్చు. సంతలో, కల్లంలో, కొలతల దగ్గర నేర్చుకున్న అంకెలు. పైన నేను ఎంతో ముచ్చటపడి అమర్చిన తెలుగు వాక్యాలు, "మాఫీ చేయడమైనదని ధ్రువీకరించడమైనది" అన్న మాటతో సహా, ఆయనకు నల్లటి గీతలు మాత్రమే. ఆ కాగితంలో ఆయన చదువగలిగినది ఒక్క అంకెనే. ఆ ఒక్కటీ నేను పాడుచేశాను. రాత్రి అన్నం తినలేదని, కొడుకులు ఊళ్ళో లేరని, ఎవరిని అడగాలన్నా భయమైందని ఆ తరువాత చెప్పాడు. బాకీ కాగితం చూసి మనుషులు ఏమేమి చేసుకున్నారో మా జిల్లాలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర లేదు. నా కాళ్ళు వణికాయి.

"ఇది బాకీ కాదు తాతా, బాకీ పోయిందని రాసిన కాయితం. ఇరవై ఒక్క వేల మూడు వందల చిల్లర. మిగతా అంకెలన్నీ నా తప్పు."

ఆయన నా ముఖం వైపు చాలాసేపు చూసి, "మరి తప్పయితే దిద్దరాదు?" అన్నాడు.

దిద్దడానికి కూర్చున్నాను. ఆయన అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు.

జరిగింది ఇది. ఎక్సెల్ గడిలో మనకు కనబడే కామాలు, రెండు దశాంశ స్థానాలు అన్నీ పైపూత. లోపల ఉన్న సంఖ్య వేరు. వర్డ్ 2002 నుండి మెర్జ్ చేసేటప్పుడు వర్డ్ ఆ పైపూతను వదిలేసి లోపలి సంఖ్యనే తెచ్చుకుంటుంది. లోపలి సంఖ్య ద్విసంఖ్యామానంలో ఉంటుంది. మన దశాంశ పద్ధతిలో ఒకటిని మూడుతో భాగిస్తే ఎలా తెగదో, ఆ మానంలో ఎనభై పైసలు కూడా అలాగే తెగదు. ఎక్కడో ఒక చోట నరికివేయాలి. కంప్యూటరు యాభై మూడు ద్విసంఖ్యాంకాల దగ్గర నరుకుతుంది. నరికిన చోట ఎనభై పైసలకు వెంట్రుకవాసి తక్కువ పడుతుంది. ఆ వెంట్రుకవాసినే వర్డ్ నిజాయితీగా పన్నెండు దశాంశ స్థానాల దాకా అచ్చువేసింది. అబద్ధమాడలేదు. కానీ ఎవరితో మాట్లాడుతున్నదో దానికి తెలియదు. తెలియవలసింది నాకు.

దీనికి మందు చిన్నదే. ఆల్ట్, ఎఫ్ తొమ్మిది మీటలు కలిపి నొక్కితే పత్రంలో ఫీల్డుల అసలు రూపం మీసాల బ్రాకెట్లలో కనబడుతుంది. అందులో నిలువు వరుస పేరు తరువాత \# "#,##0" అని చేరిస్తే చాలు. వెనుకకు వాలిన గీత, హాష్ గుర్తు, తరువాత అంకె ఏ ఆకారంలో ఉండాలో ఒక నమూనా. అంతే. కొత్తగా ఆ బ్రాకెట్లు పెట్టవలసి వస్తే మాత్రం కీబోర్డు మీది బ్రాకెట్లు పనిచేయవు, కంట్రోల్, ఎఫ్ తొమ్మిది నొక్కి తెచ్చుకోవాలి. ఈ సంగతి తెలియక ఒక గంట పోగొట్టుకున్నాను.

కొత్త పత్రం తీసి తాత చేతిలో పెట్టాను. అసలు 18,432. వడ్డీ 2,949. మొత్తం 21,382. ముచ్చటగా ఉన్నదనుకున్నాను. తాత వేళ్ళ కణుపుల మీద బొటనవేలు నడిపించాడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి.

"బిడ్డా, ఇవి రెండు కలిపితే ఇరవై ఒక్క వేల మూడు వందల ఎనబై ఒకటి గద. నువ్వు ఎనబై రెండు రాసినవు. ఈ రూపాయి ఎవరిది?"

నేను కాలుక్యులేటరు తీశాను. ఆయనదే నిజం.

అసలు 18,432.40. వడ్డీ 2,949.40. మొత్తం 21,381.80. నేను పెట్టిన నమూనా ప్రతి అంకెనూ విడివిడిగా దగ్గరి రూపాయికి సర్దింది. మొదటి రెండింటిలో నలభై పైసలు చొప్పున కింద రాలిపోయాయి. మొత్తంలో ఎనభై పైసలు పైకి లేచి రూపాయి అయ్యింది. విడివిడిగా చూస్తే మూడూ సరైనవే. మూడూ ఒక కాగితం మీద పక్కపక్కన నిలబడితే అబద్ధం. ఆకారం మార్చడం వేరు, సంఖ్యను సవరించడం వేరు అని నాకు ఆ రోజు తెలిసింది. నమూనా తొడిగే చొక్కా మాత్రమే. లోపలి మనిషి మారడు.

పైసల సంగతి వివరించాను. తాత నవ్వాడు. ఆయన చిన్నతనంలో మా ప్రాంతంలో నిజాం హాలీ సిక్కా నడిచేది. బ్రిటిషు రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. హాలీ సిక్కా 1959లో పూర్తిగా రద్దయ్యేదాకా రెండు లెక్కలూ నోటి మీదనే నడిచాయి.

"నూరు హాలీకి ఎన్ని కల్దార్లు చెప్పు?" అని నన్నడిగాడు.

నేను మీటలు నొక్కాను. 85.714285 అని ఇంకా పోతూనే ఉన్నది.

"ఎనబై అయిదు రూపాయల పదకొండు అణాల అయిదు పైలు. ఆపైన కొసరు ఉంటది. అది సావుకారికి పోవాల్నా, మనకు రావాల్నా అన్నదే జగడం. చెప్పి తీసేస్తే జగడం లేదు. చెప్పకుండ తీసేస్తేనే."

తరువాత లెక్క వేసి చూశాను. పదకొండు అణాల అయిదు పైలు, సరిగ్గా అంతే. ఏడుతో భాగిస్తే తెగని లెక్కను ఆ పాత మనిషి పై దగ్గర ఆపాడు. నా కంప్యూటరు యాభై మూడో అంకె దగ్గర ఆపింది. ఎక్కడో ఒక చోట ఆపడం ఎవరికైనా తప్పదు. ఎక్కడ ఆపామో ఎదుటి మనిషికి తెలియాలి.

మొదట మొత్తాన్ని కూడా ముందుగా సర్దిన అంకెలతోనే కూడిద్దామనుకున్నాను. అప్పుడు 21,381 వచ్చి కాగితం మీద లెక్క కుదురుతుంది. కానీ సంస్థ ఖాతా పుస్తకంలో ఉన్నది 21,381.80. ధ్రువపత్రం అన్నది పుస్తకంతో సరిపోవాలి. అందం కోసం ఎనభై పైసలు చంపే అధికారం నాకెక్కడిది? చివరకు నమూనాను #,##0.00 అని మార్చి పైసలతో సహా వేశాను. తాత మళ్ళీ కణుపులు లెక్కపెట్టి, "ఇప్పుడు సరి" అన్నాడు.

పని అంతటితో తీరలేదు. పట్టికలో లక్ష దాటినవారు కొందరున్నారు. వారి పత్రంలో 1,25,000 బదులు 125,000 అని వచ్చింది. మనకు వెయ్యి తరువాత కామా రెండేసి అంకెలకు పడాలని నా వర్డుకు తెలియదు. దానికి మార్గం ఎక్సెల్‌లోనే దొరికింది. కోటి దాటితే ఒక ఆకారం, లక్ష దాటితే ఒక ఆకారం, లేకుంటే మామూలుది అని షరతులతో నమూనా వ్రాసి, టెక్స్ట్ అనే ఫార్ములాతో అంకెను అక్షరాల వరుసగా మార్చివేయాలి. [>=10000000]##\,##\,##\,##0.00;[>=100000]##\,##\,##0.00;##,##0.00 అన్నది ఆ నమూనా. అలా మార్చాక వర్డ్ దానిని ముట్టుకోదు, ఉన్నది ఉన్నట్టు అచ్చువేస్తుంది.

అయిదెకరాలు దాటినవారి లేఖలలో మరొక చిక్కు. 96,000 బాకీకి నాలుగో వంతు 24,000, ఇరవై వేల కంటే ఎక్కువ, కాబట్టి కట్టవలసినది 72,000. 68,500 బాకీకి నాలుగో వంతు 17,125 మాత్రమే, కాబట్టి ఇరవై వేలే తగ్గింపు, కట్టవలసినది 48,500. ఈ ఎంపికను ఇఫ్ ఫీల్డుతో వర్డ్‌లోనే చేయించాను. అచ్చువేయబోయే ముందు, తాత పుణ్యమా అని, ప్రతి పత్రమూ చదివాను. ఒకరి బాకీ 16,500. ఆయన కట్టవలసినది -3,500 అని ఉన్నది. సంస్థే రైతుకు బాకీ పడిందన్నమాట! తగ్గింపు అప్పును మించరాదని ఏ మనిషికీ చెప్పనక్కర లేదు, ఫీల్డుకు చెప్పాలి. ఆ ఖాతాను సంస్థవారికే చూపించి, వారు చెప్పిన అంకె వేశాను.

అప్పుడే అక్షరాలలో కూడా మొత్తం వ్రాయాలని పట్టుదల కలిగింది. చుక్క చెరిగినా మాట నిలుస్తుంది కదా. వర్డ్‌లో అంకెను మాటలుగా మార్చే సౌకర్యం ఉన్నది గానీ అది నాకు ఇంగ్లీషులోనే పలికింది, లక్ష అన్న మాట దానికి తెలియదు, పది లక్షలకు చేరేసరికి చేతులెత్తేస్తుంది. కాబట్టి సున్నా నుండి తొంభై తొమ్మిది దాకా తెలుగు మాటలు నూరు గడులలో వ్రాసుకుని, అక్కడి నుండి ఏరుకునే ఫార్ములా కట్టాను. కట్టేటప్పుడు గానీ తెలియలేదు, మన భాష అంకెలను ఎంత జాగ్రత్తగా కలుపుతుందో. వెనుక ఏమీ లేకుంటే "మూడు వందలు", ఏదైనా వస్తే "మూడు వందల". ఒంటరిగా ఉంటే "వంద", తోడు దొరికితే "నూట". "లక్ష" పక్కన వేలు చేరితే "లక్షా". ఒక్కొక్క మాటా తన తరువాత ఎవరు వస్తున్నారో చూసుకుని రూపం మార్చుకుంటుంది. చిన్నప్పటి నుండి తప్పులేకుండా పలుకుతున్న ఈ సంగతిని కంప్యూటరుకు చెప్పడానికి నాకు ఒక రాత్రంతా పట్టింది. తెల్లవారుజామున "ఇరవై ఒక్క వేల మూడు వందల ఎనభై ఒక్క రూపాయల ఎనభై పైసలు" అని తెర మీద కనబడినప్పుడు ఒక పద్యం కుదిరినంత సంబరపడ్డాను.

ఇంకా అరవై తప్పుడు పత్రాలు ఊళ్ళలో ఉన్నాయి. సంస్థవారికి నా తప్పు ఒప్పుకుని, అరవై కొత్తవి పట్టుకుని స్నేహితుని మోపెడ్ మీద బయలుదేరాను. వట్టెం, పాలెం, నందివడ్డెమాన్, మధ్యలో తండాలు. రెండు రోజులు తిరిగాను. చాలామంది పాత కాగితం ఇచ్చి కొత్తది తీసుకున్నారు. కొందరు తిట్టారు. మంచినీళ్ళు ఇచ్చి తిట్టారు.

ఒక ఇంట్లో ఆమె ఒక్కతే ఉన్నది. భర్త పూణే వైపు మట్టిపనికి పోయాడట. గోడ మీద దేవుని పటాల పక్కన మేకుకు నా పత్రం వేలాడుతున్నది. మందపాటి లామినేషన్ చేయించి ఉన్నది. ఆ బారెడు అంకెతో సహా.

"మీ కొట్ల్నే చేపిచ్చిన అన్నా. మీ కొట్ల పిలగాడు పది రూపాయలు తీసుకున్నడు."

అది తప్పుడు కాగితమని, సరైనది తెచ్చానని చెప్పాను. ఆమె పటం వైపు, నా వైపు చూసింది.

"అది తీస్తే మాఫీ పోతదేమో అన్నా. ఆయన లేడు. ఆయన వచ్చినంక తీస్త."

ఎంత చెప్పినా వినలేదు. కొత్త పత్రం ఇచ్చి, పది రూపాయలు తిరిగి ఇవ్వబోయాను. అవీ తీసుకోలేదు. పని చేసినోనికి పైసలు ఇవ్వాలె గద అన్నది. నేను చేసిన పని ఏమిటో ఆ గోడ మీద వేలాడుతూనే ఉన్నది.

2013లో ఆ పథకంపై కాగ్ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. వారు ఈ అంశం మీద తనిఖీ చేసిన ఖాతాలలో మూడో వంతు వాటికి, రైతుకు ధ్రువపత్రం అందినట్టు ఏ ఆధారమూ లేదని అందులో ఉన్నది. పత్రికలో అది చదివినప్పుడు నాకు ఆ మేకు గుర్తుకు వచ్చింది. కాగితం అందనివారు అంతమంది. అందిన కాగితాన్ని అంత పదిలంగా దాచుకున్న మనిషి చేతికి నేనిచ్చింది అది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ యేడే, 2008 ఏప్రిల్‌లో వచ్చిన యూనికోడ్ 5.1లో మన పాత తెలుగు భిన్నాల గుర్తులు చేరాయి. నాలుగో వంతులకు నిలువు గీతలు, పదహారో వంతులకు అడ్డగీతలు. కాలు, అర, ముక్కాలు, వీసం, పరక అని మన కరణాలు వాడిన లెక్క. ఆ వార్త చదివినప్పుడు వీటిని ఎవరు వాడతారులే అనుకున్నాను. తాత వచ్చి వెళ్ళాక ఆ ఆలోచనకు సిగ్గుపడ్డాను. నాలుగుతోనూ పదహారుతోనూ భాగించుకుంటూ పోయే ఆ లెక్కలో పావలా, అణా నిశ్శేషంగా తెగుతాయి. ద్విసంఖ్యామానంలో కూడా అవి నిశ్శేషంగా తెగుతాయి. 1957లో మనం పైసల దశాంశ పద్ధతికి మారకుండా అణాలలోనే ఉండి ఉంటే తాత పత్రంలో ఆ తొమ్మిదుల వరుస పడేది కాదేమో. మన ముత్తాతల లెక్క కంప్యూటరు లెక్కకు అంత దగ్గరి చుట్టం.

కొట్టు ఇప్పుడు లేదు. ఆ తరువాత కూడా ఋణమాఫీలు చూశాము. 2014లో తెలంగాణ వచ్చాక లక్ష దాకా, నాలుగు విడతలలో. 2024లో రెండు లక్షల దాకా, విడతలుగా. ఇప్పుడు చాలామందికి కబురు ఫోనుకే వస్తుంది. ఎవరైనా ఫోను చేతికిచ్చి "జర చూడు, ఎంత పడ్డది" అని అడిగితే నేను అంకె చదివి ఊరుకోను. అసలు ఎంత, వడ్డీ ఎంత, మొత్తం ఎంత అని నోటితో కూడి చెబుతాను. వేళ్ళ కణుపుల మీద.

మీలో ఎవరైనా ఆఫీసులలో జీతాల పత్రాలో, ఫీజుల లేఖలో మెర్జ్ చేస్తూ ఉంటే ఒక చిన్న మనవి. అచ్చు మీట నొక్కేముందు ఏదో ఒక పత్రం తీసి, పైన మాటలన్నీ చేత్తో మూసి, అంకెలు మాత్రం చదవండి. వాటిని కూడి చూడండి. ఒక్క రూపాయి మిగిలినా, అది ఎవరిదో తెలిసేదాకా మీట నొక్కకండి.